అమెరికాలో పెన్నీ (ఒక సెంటు బిళ్ళ) ఆగిపోయింది సరే, మీరొచ్చాక ఇక్కడ ఇంకేమేం పోయాయి?

పాతపెట్టె (ఎడిసన్):
నిన్న పాల కోసం గ్యాస్ స్టేషన్ పక్క కొట్టుకి వెళ్ళా. బిల్లు 4 డాలర్ల 38 సెంట్లు. ఐదు నోటిస్తే కౌంటర్లో కుర్రాడు 65 సెంట్లు చేతిలో పెట్టాడు. 62 కదా బాబూ అంటే గల్లాపెట్టెకి అంటించిన కాగితం చూపించాడు, పెన్నీలు లేవు, చిల్లర ఐదు సెంట్లకి సర్దేస్తాం అని. మూడు సెంట్లు నాకే లాభం, గొడవేం లేదు. కానీ కౌంటర్ మీద ఎప్పుడూ ఉండే చిన్న ప్లాస్టిక్ గిన్నె కనపడలేదు. అదేనండీ, ఉంటే ఒక పెన్నీ వెయ్యి, తక్కువైతే ఒకటి తీసుకో అని రాసి ఉంటుందే, అది.

2000లో నేను దిగిన మొదటి వారం. సబ్బు, దువ్వెన పట్టుకుని లైన్లో నిలబడ్డా. రేటు చూసి లెక్కేసుకుని సరిగ్గా డబ్బులు తీసి పెట్టుకున్నా, పైన పన్ను వేస్తారని నాకేం తెలుసు! రెండు సెంట్లు తగ్గాయి. వెనక నలుగురు. చెవులు వేడెక్కిపోయాయి. కౌంటర్లో ఆవిడ నా మొహం కూడా చూడకుండా ఆ గిన్నెలోంచి రెండు పెన్నీలు తీసి గల్లాలో పడేసి "నెక్స్ట్" అంది. ఈ దేశంలో నాకు అప్పిచ్చిన మొదటి బ్యాంకు ఆ గిన్నె.

ఫిలడెల్ఫియా టంకశాలలో వాడకానికి ఆఖరి పెన్నీలు 2025 నవంబర్ 12న కొట్టారు. 1793 నుంచి వస్తున్న నాణెం. ఒక్కోటి తయారీకి 3.69 సెంట్లు అవుతోందట. చెల్లుబాటు పోలేదు, కొత్తవి రావంతే. లెక్క ప్రకారం చేసింది తప్పని నేనూ అనను. కానీ ఇంటికొచ్చాక అదే ఆలోచన, ఈ పాతికేళ్ళలో ఇలా చప్పుడు లేకుండా ఇంకేమేం పోయాయా అని. మీకు గుర్తొచ్చినవి రాయండి.

డల్లాస్ దోసె:
అన్నా, మూడు సెంట్లకి ఇంత పోస్టా! సెంటు బిళ్ళకి 3.69 సెంట్ల ఖర్చంటే చారాణా కోడికి బారాణా మసాలా అనేదే కదా. నికెల్‌ది అంతకంటే పెద్ద భాగోతం ఏం కాదు గానీ అదీ నష్టమే, ఐదు సెంట్ల బిళ్ళకి పదమూడు పైనే అవుతోంది. మన దగ్గర పావలా 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఒక్కడైనా ఏడ్చాడా?

పాతపెట్టె (ఎడిసన్):
ఏడవలేదు బాబూ, గిన్నె ఏదని అడిగానంతే.

చుక్కలముగ్గు (ఆల్ఫరెటా):
నాకైతే పేపరు. ఇక్కడ అట్లాంటా జర్నల్-కాన్‌స్టిట్యూషన్ 2025 డిసెంబర్ 31తో అచ్చు మానేసింది, ఇక ఫోన్లోనే చదువుకోవాలి. 1868 నాటి పేపరు. నిజం చెప్పాలంటే వార్తల కోసం నేనెప్పుడూ కొనలేదు, ఆదివారం కూపన్ల కోసం కొనేదాన్ని. థాంక్స్‌గివింగ్ పండగ నాటి పేపరు గుర్తుందా ఎవరికైనా, మర్నాటి షాపుల తగ్గింపు ధరలన్నీ అందులోనే ఉండేవి? పెళ్ళి ఆల్బమ్ అంత బరువుండేది. పొద్దున్నే గ్యాస్ స్టేషన్లో అయిపోతాయేమోనని మా వారు పళ్ళు కూడా తోముకోకుండా పరిగెత్తేవారు. ఆ ప్రకటనల కాగితాలన్నీ హాల్లో కార్పెట్ మీద పరిచి, నాలుగు కుటుంబాల వాళ్ళం చుట్టూ కూర్చుని, ఎవరు ఏ షాపు ముందు నిలబడాలో పంచుకునేవాళ్ళం. 2006లో అనుకుంటా, ఒక లాప్‌టాప్ కోసం రాత్రి రెండింటి నుంచి లైన్లో ఉన్నాం, నేను మంకీ క్యాప్ పెట్టుకుని, మీద శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీతో. ముందున్న అమెరికా ఆవిడకీ ఒక కప్పు పోశాను. నా కాళ్ళు లాగుతున్నాయని ఆవిడ తన కుర్చీ నాకిచ్చి తను నేల మీద కూర్చుంది. లోపలికి వెళ్ళేసరికి లాప్‌టాప్‌లు ఎనిమిదే ఉన్నాయట, తొమ్మిదో మనిషిని నేను. ఎనిమిదో మనిషి ఎవరో చెప్పక్కర్లేదుగా.

ఇప్పుడు సోఫాలో పడుకుని నొక్కితే మర్నాటికి గుమ్మంలో ఉంటుంది. సుఖమే. ఆవిడ పేరు మాత్రం ఆ రోజు అడగలేదు, అది ఇప్పటికీ బాధే.

ఎంఎస్ బాబు (టెంపీ):
అక్కా, ఒక లాప్‌టాప్ కోసం చలిలో రాత్రంతానా? ఎంత తగ్గేదేంటి?

చుక్కలముగ్గు (ఆల్ఫరెటా):
షాపు తగ్గించేది కొంత. మిగతాది మెయిల్-ఇన్ రిబేటు.

ఎంఎస్ బాబు (టెంపీ):
అదేంటి?

పాతపెట్టె (ఎడిసన్):
హమ్మయ్య, ఇదొకటి ఉంది. బాబూ, వంద డాలర్ల వస్తువు నువ్వు వందా పెట్టే కొంటావు. ఇంటికొచ్చి అట్టపెట్టె మీద బార్‌కోడ్ కత్తిరించి, రసీదు జత చేసి, ఫారం నింపి, కవర్లో పెట్టి పోస్టు చేస్తావు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి నలభైకో యాభైకో పోస్టుకార్డు లాంటి చెక్కు వస్తుంది. ఒక్కోసారి మొత్తం వందా వచ్చేది, "ఫ్రీ ఆఫ్టర్ రిబేట్" అంటే మనవాళ్ళకి పండగే. ఆ ధరేదో ముందే తగ్గించొచ్చుగా అని నువ్వు అడుగుతావని తెలుసు. కొన్నవాళ్ళలో చాలామంది కత్తిరించరు, కత్తిరించినా పోస్టు చెయ్యరు, వచ్చిన చెక్కు కూడా బిల్లుల్లో పారేస్తారు. కంపెనీ బతికేది ఆ బద్ధకం మీద. వాళ్ళ లెక్కలో లేనిది ఒక్కటే, మా రూమ్మేటు. వాడు ప్రతి రిబేటుకీ ఎక్సెల్‌లో వరుస పెట్టేవాడు, ఏ తారీకున పంపాం, ఏ తారీకుకి రావాలి, రాకపోతే ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి. మా అపార్ట్‌మెంట్లో వాడని ఖాళీ సీడీలు ఆరువందలు ఉండేవి, అన్నీ ఫ్రీయే. నేనొకసారి పెట్టె ముందే పారేసి ఎనభై డాలర్లు పోగొట్టుకున్నా. రాత్రి పదకొండింటికి చెత్త డంప్‌స్టర్‌లో దిగి వెతికాను కూడా. దొరకలేదు.

కారంపొడి (బెల్వ్యూ):
ఈ చర్చ మొత్తం "ఆ రోజులే వేరు" ధోరణిలో పోయేలా ఉంది కాబట్టి నా వంతు కారం చల్లుతాను. పోయినవాటిలో సగం పోవాల్సినవే. కాలింగ్ కార్డులు మర్చిపోయారా? ఇండియన్ గ్రోసరీలో కౌంటర్ వెనక తోరణాల్లా వేలాడేవి, పది డాలర్ల కార్డు, వెనక గీకి పిన్ను చూడాలి, ముందు 800 నంబరు, తర్వాత పిన్ను, తర్వాత 011, 91, ఊరి కోడు, నంబరు. ముప్ఫై పైచిలుకు అంకెలు నొక్కాక "దిస్ సర్క్యూట్ ఈజ్ బిజీ". అట్ట మీద ఎన్నో నిమిషాలు అని రాసి ఉండేది, మాట్లాడింది అందులో సగం, మిగతాది కనెక్షన్ ఫీజు, మెయింటెనెన్స్ ఫీజు, నా తలకాయ ఫీజు. అమ్మ ఏడవడం మొదలుపెట్టగానే "యు హావ్ వన్ మినిట్ రిమైనింగ్" అని ఒకావిడ మధ్యలో దూరేది. ఇప్పుడు మా అమ్మ పొద్దున పోపు పెడుతూ వీడియోలో చూపిస్తుంది. ఆ కార్డులు పోతే నాకు రవ్వంత బాధ లేదు.

మ్యాప్‌క్వెస్ట్ (దారి చెప్పే వెబ్‌సైటు) కాగితాలు ఇంకోటి. పదకొండు పేజీలు ప్రింటు తీసి, నేను డ్రైవింగు, పక్కన ఫ్రెండు మంత్రపుష్పం చదివినట్టు చదవడం. ఒక్క ఎగ్జిట్ తప్పితే పదకొండు పేజీలూ చిత్తు కాగితాలే. షికాగో వెళ్తూ అర్ధరాత్రి గ్యారీ, ఇండియానాలో గంటన్నర తిరిగాం.

డల్లాస్ దోసె:
చివరికి దారి ఎవరు చెప్పారు?

కారంపొడి (బెల్వ్యూ):
టోల్ బూత్‌లో పెద్దాయన. కాగితం వెనక బొమ్మ గీసి ఇచ్చాడు. సరే, నువ్వెందుకు అడిగావో అర్థమైంది, టోల్ బూత్ మనుషులు కూడా పోయారు అని రాయమంటావు, రాస్తున్నా. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద 2013లోనే తీసేశారు, పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద 2020లో. ఇప్పుడు కెమెరా నంబర్ ప్లేటు ఫొటో తీసి బిల్లు ఇంటికి పంపుతుంది. కెమెరాని దారి అడగలేం, ఒప్పుకుంటున్నా.

గోదారిగట్టు (క్లీవ్‌లాండ్ దగ్గర):
మీరంతా 2000 తర్వాతి పిల్లలు, మీ పాత నాకు కొత్త. నేను 1974లో వచ్చాను, ఏక్రన్‌లో టైర్ల కంపెనీ ఉద్యోగానికి. ఊళ్ళో ఒక్క మనిషి తెలీదు. నాకంటే ఏడాది ముందు వచ్చిన స్నేహితుడు ఒక చిట్కా రాసి పంపాడు: "ఊరు దిగగానే ఫోన్ బూత్‌కి వెళ్ళు, గొలుసుతో కట్టిన లావుపాటి పుస్తకం ఉంటుంది, వైట్ పేజీల్లో రావు, రెడ్డి, మూర్తి, ప్రసాద్ చూడు." అలాగే చేశాను. రెడ్డి ఒక్కరూ లేరు. రావులు ఇద్దరున్నారు. మొదటాయన ఎత్తలేదు. రెండో ఆయనకి డైము (పది సెంట్ల బిళ్ళ) వేసి ఫోన్ చేసి, ఇంగ్లీషులో మొదలుపెట్టి, మీరు తెలుగువారా అనడిగాను. కాదు, మాది మంగళూరు అన్నారు. సారీ అండీ అని పెట్టెయ్యబోతే, ఆగండి, అన్నం తిన్నారా అనడిగారు. గంటలో కారేసుకుని వచ్చి బస్టాండ్ నుంచి ఇంటికి తీసుకెళ్ళారు. ఆ రాత్రి తిన్న కోరి గస్సి అంటే కోడికూర అని కూడా నాకు తెలీదు, మేం శాకాహారులం, మర్యాదకి తినేశాను. మా ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడ చదవదనే ధైర్యం.

తర్వాత మా పేరూ ఆ పుస్తకంలోకి ఎక్కింది. అప్పట్నుంచి మాకు ఫోన్లు. "అంకుల్, మీ పేరు పుస్తకంలో చూశాం, ఏక్రన్ యూనివర్సిటీలో చేరాం" అని. ముక్కూ మొహం తెలియని పిల్లలు నలుగురు చొప్పున ఆదివారం భోజనానికి వచ్చేవారు. వాళ్ళలో ఇద్దరి పెళ్ళిళ్ళకి పెద్దలం మేమే. ఇప్పటికీ ఎవరైనా గూగుల్లో చూస్తే మా అడ్రసు దొరుకుతుందట, ఇల్లు ఎంతకి అమ్ముడుపోతుందో కూడా చూపిస్తుందట. అది చూసి అన్నానికి వచ్చినవాళ్ళు లేరు.

ఎంఎస్ బాబు (టెంపీ):
అంకుల్ ఒక్క నిమిషం. ఊళ్ళో అందరి పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లు పుస్తకంగా అచ్చేసి అందరి గుమ్మాల్లో పడేసేవారా? ఊరికేనా? ఎవరూ కేసు వెయ్యలేదా??

గోదారిగట్టు (క్లీవ్‌లాండ్ దగ్గర):
పేరు వెయ్యొద్దంటే ఉల్టా మనమే నెలనెలా డబ్బు కట్టాలి నాయనా.

ఎంఎస్ బాబు (టెంపీ):
దేవుడా.

అద్దెకొంప (హోబోకెన్):
ఫోన్ బూత్ అంటే గుర్తొచ్చింది. న్యూయార్క్ సిటీ వాళ్ళ ఆఖరి పే ఫోన్‌ని 2022 మేలో టైమ్స్ స్క్వేర్ దగ్గర్నుంచి క్రేన్‌తో పీకేశారు, మ్యూజియానికి వెళ్ళింది. అక్కడి సబ్‌వే రైళ్ళకి గీకే మెట్రోకార్డ్ అమ్మకం కూడా 2025 డిసెంబర్ 31తో సరి. పసుపు కార్డు గీకడంలో ఒక వేగం ఉండేది, నెమ్మదిగా గీస్తే ఒక తిట్టు, గబగబా గీస్తే ఇంకో తిట్టు, గేటు తెరుచుకుంటుందని తొడ గుద్దుకోవడం. కొత్తగా వచ్చినవాళ్ళని అక్కడే పట్టేసేవాళ్ళం.

గోదారిగట్టు (క్లీవ్‌లాండ్ దగ్గర):
పే ఫోన్లో మాకో దొంగ విద్య ఉండేది. ఆపరేటర్‌కి చెప్పి ఫలానా మనిషితోనే మాట్లాడాలి అంటే, ఆ మనిషి ఉంటేనే డబ్బు, లేకపోతే లేదు. ఎవరింటికైనా వెళ్ళొచ్చాక క్షేమంగా చేరామని చెప్పడానికి వాళ్ళింటికి ఫోన్ చేసి "ఆంజనేయులు గారు ఉన్నారా" అని అడిగించేవాళ్ళం. అటునుంచి "లేరండీ" అనేవారు. అంటే చేరినట్టు. కారు మధ్యలో ఆగిపోతే "భీమారావు గారు ఉన్నారా". ఆపరేటరమ్మ ఆ పేర్లు పలకడానికి పడే పాట్లు వింటే పాపం అనిపించేది.

చుక్కలముగ్గు (ఆల్ఫరెటా):
అంకుల్, మీరు రోజుకొకటి రాయాలి, ప్లీజ్.

నాదింకోటి. కలిపి రాత. మా అమ్మాయికి బడిలో కర్సివ్ రెండు నెలలు నేర్పినట్టు చేసి వదిలేశారు, తర్వాత అంతా కీబోర్డే. పక్కింటి మిస్ మార్థా అనుకుందాం, ఎనభై దాటింది, పాప పుట్టినరోజుకి ఏటా చేత్తో కార్డు రాసి ఇస్తుంది, చక్కటి గొలుసుకట్టు రాత. పదేళ్ళ పిల్ల కార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చి "అమ్మా, ఇది ఏ భాష?" అంది. నేను తెనాలిలో నాలుగు గీతల కాపీ పుస్తకంలో, సిస్టర్ గారి బెత్తం కింద నేర్చుకున్న రాత అది. అమెరికాలో పుట్టిన పిల్లకి అమెరికా అవ్వ రాసిన ఇంగ్లీషు తెనాలి నుంచి వచ్చిన నేను చదివి చెప్పాను. కొన్ని రాష్ట్రాలు మళ్ళీ నేర్పిస్తున్నాయి, కాలిఫోర్నియాలో 2024 నుంచి తప్పనిసరి. నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళయితే అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నాటి సైనికుల పింఛను కాగితాలు చదివి టైపు చెయ్యడానికి కర్సివ్ వచ్చినవాళ్ళు ముందుకు రండి అని పిలుస్తున్నారు. నేను చేరాను. రాత్రి పిల్లలు పడుకున్నాక ఒకటో రెండో చేస్తా. కళ్ళు లాగుతాయి గానీ బాగుంటుంది.

డల్లాస్ దోసె:
నాది చిన్నదే. 24 గంటల వాల్‌మార్ట్. 2020 మార్చిలో కోవిడ్‌కని రాత్రుళ్ళు మూశారు, మళ్ళీ తెరవలేదు. ఎంఎస్‌లో ఉండగా రాత్రి రెండింటికి అసైన్‌మెంట్ అవ్వగానే ఐదుగురం ఒక కొరోలాలో వాల్‌మార్ట్‌కి. కొనేది ఉల్లిపాయలు, పాలు. తిరిగేది గంటన్నర. ఎడారిలో లైటేసిన గుడిలా ఉండేది అది. ఇప్పుడు పదకొండుకే తాళం.

కారంపొడి (బెల్వ్యూ):
దీనికి మాత్రం నా దగ్గర కారం లేదు.

అద్దెకొంప (హోబోకెన్):
చెక్కులు పోయాయని ఎవరూ రాయలేదేం? టార్గెట్ షాపుల వాళ్ళు 2024 జులై నుంచి తీసుకోవట్లేదు, ఫెడరల్ ట్రెజరీ కూడా 2025 సెప్టెంబర్ 30 నుంచి కాగితం చెక్కులు దాదాపు ఆపేసింది. కానీ మా ఇంటి ఓనరుకి చెక్కే కావాలి, వేరేదేదీ ముట్టడు. ఏడాదికి పన్నెండు చెక్కులు, అన్నీ ఆయనకే.

పాతపెట్టె (ఎడిసన్):
గుడికి రాయవా? మా గుళ్ళో అర్చన కౌంటర్ దగ్గర నూట పదహార్ల చెక్కు ఇంకా నడుస్తోంది. క్యూఆర్ కోడ్ పెట్టారు గానీ, పెద్దవాళ్ళు మెమోలో గోత్రం రాసి ఇస్తారు. బ్యాంకు వాళ్ళకి భారద్వాజస అంటే ఏం అర్థమవుతుందో!

అన్నట్టు పోనిది కూడా ఒకటి చెప్పాలి. మా న్యూజెర్సీలో పెట్రోలు ఇప్పటికీ మనిషే వచ్చి పోస్తాడు, మనం ముట్టుకోకూడదు. ఒరెగాన్ కూడా 2023లో వదిలేసింది, ఇక మేమొక్కళ్ళమే. ఈ రాష్ట్రంలో ఇరవై ఐదేళ్ళుండి వేరే రాష్ట్రానికి వెళ్తే పంపు దగ్గర పెళ్ళికొడుకులా కూర్చుని ఉంటాను.

గోదారిగట్టు (క్లీవ్‌లాండ్ దగ్గర):
ఇంకోటి రాసి పడుకుంటాను. మా వైపు ర్యాండల్ పార్క్ మాల్ అని 1976లో తెరిచారు, ప్రపంచంలోకెల్లా పెద్దదని అప్పట్లో చెప్పుకునేవారు. శనివారం మాకు అదే వీధి, అదే తిరణాల. కొనడానికి డబ్బులుండేవి కావు, ఐస్‌క్రీమ్ ఒకటి కొని నలుగురం తినేవాళ్ళం, మా ఆవిడ చీరలో ఎస్కలేటర్ ఎక్కడం అక్కడే నేర్చుకుంది. ఇంట్లో సియర్స్ అనే పెద్ద షాపు వాళ్ళ క్రిస్మస్ క్యాటలాగు వస్తే మావాడు ఎర్ర పెన్నుతో బొమ్మలకి సున్నాలు చుట్టి నా దిండు కింద పెట్టేవాడు. పెద్ద క్యాటలాగు 1993లో ఆపేశారు, మాల్‌లో షాపులు ఒక్కోటీ మూసుకుంటూ పోయాయి, చివరికి పడగొట్టారు. ఇప్పుడక్కడ అమెజాన్ గోడౌను. పోయిన వేసవి మనవడు అందులో పనికి కుదిరితే నేనే దింపేవాణ్ణి. పార్కింగ్‌లో ఆగి ఎస్కలేటర్ ఎటువైపు ఉండేదా అని చూస్తే దిక్కు తెలియలేదు. మా ఆవిణ్ణి అడిగితే ఠక్కున చెప్పింది.

చుక్కలముగ్గు (ఆల్ఫరెటా):
పాతపెట్టె గారూ, అసలు సంగతి మర్చిపోయాను. మీ దగ్గర పెన్నీలు ఉన్నాయా? మొన్న భోగిపళ్ళకి బ్యాంకులో రెండు రోల్సు అడిగితే లేవన్నారు. రేగుపళ్ళు ఎలాగూ దొరకవు, క్రాన్‌బెర్రీలు కలుపుతాం, చెరుకు ముక్కలు, పూలు, చిల్లర మాత్రం ఎప్పుడూ పెన్నీలే. ఈసారి డైములు పోస్తే పేరంటానికి వచ్చిన పెద్ద పిల్లలు చంటాడి నెత్తి మీంచి పడకముందే ఏరేసుకున్నారు. పెన్నీలైతే అంత ఎగబడరు.

పాతపెట్టె (ఎడిసన్):
ఉన్నాయమ్మా, కాఫీ డబ్బాలు మూడు. ఒక్క డబ్బా తూచాను, అయిదు కిలోలు పైన. పెన్నీ రెండున్నర గ్రాములు, అంటే రెండు వేల పెన్నీలు, ఇరవై డాలర్లు. నాణేలు మార్చే మిషన్లో పోస్తే వాడు కమిషన్ కోసుకుంటాడని అలాగే ఉంచాను. పోస్టులో పంపితే ఖర్చు అసలు మించిపోతుంది.

డల్లాస్ దోసె:
చారాణా కోడి మళ్ళీ వచ్చింది.

చుక్కలముగ్గు (ఆల్ఫరెటా):
పోస్టెందుకండీ, ఎడిసన్ నుంచి అట్లాంటా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారుగా. వచ్చే భోగి దాకా టైముంది. ఒక డబ్బా చాలు.

అద్దెకొంప (హోబోకెన్):
ఏప్రిల్లో నేను వస్తున్నా అక్కా, కజిన్ పెళ్ళి. హ్యాండ్ లగేజీలో పెడతా. అయిదు కిలోల నాణేలు స్కానర్‌లో ఎలా కనిపిస్తాయో చూడాలని నాకూ ఉంది.

గోదారిగట్టు (క్లీవ్‌లాండ్ దగ్గర):
చేరాక ఆంజనేయులు గారు ఉన్నారా అని అడుగు.